గీత మారిన ఊళ్లు: నియోజకవర్గాల పునర్విభజనపై స్థానికుల స్పందన

జనాభా అన్ని ప్రాంతాల్లో ఒకే తీరుగా పెరగదు కాబట్టి, ఒక్కో ప్రజాప్రతినిధి కిందికి వచ్చే జనసంఖ్య వీలైనంత సమానంగా ఉండేలా లోక్‌సభ, శాసనసభ స్థానాల హద్దులను జనగణన తర్వాత సవరించుకోవాలని రాజ్యాంగంలోని 82, 170 అధికరణాలు నిర్దేశిస్తున్నాయి. నియోజకవర్గాల పునర్విభజనగా వ్యవహరించే ఈ ప్రక్రియపై జరిగిన చర్చలో ఏ పార్టీ లాభపడింది, ఏ నాయకుడి సీటు గల్లంతైంది అన్న లెక్కలకు దక్కినంత చోటు, హద్దు మారిన ఊళ్లలో ఉండేవాళ్లు ఆ మార్పును ఎలా తీసుకున్నారన్న ప్రశ్నకు దక్కలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చిన హద్దులను ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలిస్తే ఒక వింత కనిపిస్తుంది. అభ్యంతరాలు చెప్పుకోమని చట్టం పిలిచిన రోజుల్లో కదిలింది ఎక్కువగా నాయకులూ వారి వెంట ఉండే కార్యకర్తలే. అదే గీత ఏళ్ల తర్వాత జిల్లా హద్దుగానో, రెవెన్యూ డివిజన్ సమస్యగానో మారి రోజువారీ పనులకు అడ్డం వచ్చినప్పుడు మాత్రం సామాన్యులు బంద్‌లు, రిలే దీక్షలు, వంటావార్పులతో రోడ్డెక్కారు. అందువల్ల పునర్విభజనపై ప్రజా స్పందనను ముసాయిదా మీద వచ్చిన అర్జీలను బట్టి మాత్రమే అంచనా వేస్తే అసలు కథ చేజారిపోతుంది.

స్పందించడానికి చట్టం ఇచ్చిన అవకాశం ఎంతో ముందుగా చూడాలి. 1952, 1963, 1973, 2002 సంవత్సరాల్లో నాలుగుసార్లు పునర్విభజన సంఘాలు ఏర్పడ్డాయి. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ఒక్కో రాష్ట్రానికి దక్కే స్థానాల సంఖ్యను 1971 జనగణన దగ్గర నిలిపివేయగా, 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. మొత్తం సంఖ్యను కదల్చకుండా రాష్ట్రం లోపలి హద్దులను సరిచేసుకోవడానికి వీలు కల్పించి, 2003 నాటి 87వ సవరణతో దానికి 2001 జనగణనను ప్రాతిపదికగా తీసుకున్నారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఆ పని చేసిన సంఘానికి ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు లోక్‌సభ సభ్యులు, ఐదుగురు శాసనసభ్యులు సహ సభ్యులుగా, అంటే ఓటు హక్కు లేని సలహాదారులుగా, ఉండేవారు. భౌగోళికంగా విడివడని ప్రాంతం, కొండలూ నదుల వంటి సహజ హద్దులు, అప్పటికే ఉన్న పాలనా విభాగాలు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు అనే అంశాలను గమనించాలని 2002 నాటి పునర్విభజన చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. స్థానికుల మాట వినేది కూడా ఆ సెక్షన్ కిందే: ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, గడువు పెట్టి అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణ జరపాలి. ఆ తర్వాత వెలువడే తుది ఆదేశం చట్టంతో సమానం, దాన్ని కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదు. ఉజ్జయిని స్థానాన్ని ఎస్సీలకు రిజర్వు చేయడంపై వచ్చిన మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే ఈ తలుపు మూసింది. 2024లో గుజరాత్‌లోని బార్డోలీ స్థానం గురించిన కేసులో, ఆదేశం స్పష్టంగా నిరంకుశమైనదీ రాజ్యాంగ విలువలకు పొసగనిదీ అయితే పరిశీలించవచ్చునంటూ దాన్ని కొద్దిగా తెరిచింది.

ఈ ఏర్పాటులో ఉన్న ఇబ్బంది ముసాయిదాను చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. అందులో ఉండేది నియోజకవర్గం పేరు, దాని కింద మండలాల పేర్లు, మండలం చీలినచోట ‘భాగం’ అన్న మాట, ఆ భాగంలోకి వచ్చే రెవెన్యూ గ్రామాల జాబితా. రెవెన్యూ గ్రామమంటే భూమి లెక్కల కోసం గుర్తించిన గ్రామం; ఒక రెవెన్యూ గ్రామంలో నాలుగైదు ఆవాసాలు ఉండవచ్చు, జనం నోట నలిగే ఊరి పేరు జాబితాలో ఉండకపోనూవచ్చు. ఏ ఊరు ఎందుకు అటు వెళ్లింది, ఇటు ఉంచితే జనాభా లెక్క ఎంత తేడా పడుతుంది అన్న వివరణ ఆ జాబితాలో దొరకదు. ఇలాంటి కాగితం మీద నిర్దిష్టమైన అభ్యంతరం రాయగలిగేది మండలాల వారీ జనాభా లెక్కలూ పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లూ దగ్గరుంచుకునే పార్టీ కార్యాలయాలే తప్ప పంచాయతీ అరుగు మీద పేపరు చదువుకునే రైతు కాడు. విచారణలకు వచ్చిన అర్జీల్లో నాయకుల గొంతు వినిపించడాన్ని తప్పుపట్టడం కన్నా, మరొకరి గొంతు వినిపించే వీలు అక్కడ లేదని గుర్తించడం న్యాయం.

2008 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కుల్దీప్ సింగ్ సంఘం ఆదేశం వల్ల ఉమ్మడి రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలు, 294 శాసనసభ స్థానాలు అన్న మొత్తం సంఖ్య మారలేదు గానీ లోపలి వాటాలు గట్టిగానే మారాయి. తెలంగాణ ప్రాంతంలో శాసనసభ స్థానాలు 107 నుంచి 119కి పెరిగి, కోస్తా, రాయలసీమల్లో 187 నుంచి 175కి తగ్గాయి. పెరిగిన వాటిలో అధిక భాగం కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, ఉప్పల్, ఎల్బీనగర్ వంటి హైదరాబాద్ శివారు స్థానాలే. పార్వతీపురం, బొబ్బిలి, తెనాలి, భద్రాచలం, హన్మకొండ, మిర్యాలగూడ, సిద్దిపేట లోక్‌సభ స్థానాలు చరిత్రలో కలిసిపోయి, అరకు, విజయనగరం, మహబూబాబాద్, భువనగిరి, చేవెళ్ల, మల్కాజిగిరి, జహీరాబాద్ స్థానాలు వచ్చాయి. శాసనసభ స్థాయిలో ఉయ్యూరు, కంకిపాడు, నిడుమోలు, మల్లేశ్వరం, ముదినేపల్లి, చేర్యాల, శాయంపేట, రామన్నపేట, దొమ్మాట, ఇందుర్తి, కమలాపూర్ వంటి పేర్లు మాయమయ్యాయి.

నియోజకవర్గ కేంద్రం అన్న హోదా పోవడమంటే పేరు పోవడం ఒక్కటే కాదు. ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయం, దాని చుట్టూ అల్లుకునే బస్సు డిపో, డిగ్రీ కళాశాల, వంద పడకల ఆసుపత్రి వంటి కోరికలు, పింఛను నుంచి బదిలీ దాకా సిఫారసు కోసం తిరిగే జనం, ఆ జనం మీద బతికే హోటళ్లు, జిరాక్సు షాపులు అన్నీ కొత్త కేంద్రానికి తరలిపోతాయి. చేర్యాల ఇందుకు చెప్పుకోదగ్గ ఉదాహరణ. వరంగల్ జిల్లాలో సొంత నియోజకవర్గంగా ఉన్న ఆ పట్టణం 2009 నుంచి జనగామ స్థానంలో ఒక మండలంగా మిగిలింది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలను 10 నుంచి 31కి పెంచినప్పుడు దాన్ని సిద్దిపేట జిల్లాలో కలిపారు, శాసనసభ హద్దు మాత్రం కదలలేదు. దాంతో చేర్యాల ఓటరుకు ఎమ్మెల్యే జనగామలో, కలెక్టరు సిద్దిపేటలో, ఎంపీ భువనగిరి స్థానానికి చెందినవాడు. ఆ తర్వాత అక్కడ జరిగిన ఆందోళనల్లో ప్రధానంగా వినిపించిన కోరిక చేర్యాలను రెవెన్యూ డివిజన్ చేయాలన్నది. నియోజకవర్గం తిరిగి తెచ్చుకోవడం తమ చేతుల్లోనే కాదు, రాష్ట్ర ప్రభుత్వం చేతుల్లో కూడా లేదని తెలిసిన జనం, రాష్ట్రం ఇవ్వగలిగిన దాన్ని అడగడం మొదలుపెట్టారన్నమాట. పోయింది ఒకటి, అడిగేది మరొకటి అయిన ఇలాంటి కోరికలను విడిగా చూస్తే వాటి వెనుక పునర్విభజన కనిపించదు.

రిజర్వేషన్ మారిన చోట స్పందన మరో రకంగా ఉంటుంది. ఎస్సీ స్థానాలను రాష్ట్రమంతటా విస్తరించేలా, వారి జనాభా ఎక్కువ ఉన్న చోట్ల ఏర్పాటు చేయాలని, ఎస్టీ స్థానాలను వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోట్ల ఉంచాలని చట్టం చెబుతుంది. ఆ ప్రకారం 2008లో శాసనసభలో ఎస్సీ స్థానాలు 39 నుంచి 48కి, ఎస్టీ స్థానాలు 15 నుంచి 19కి పెరిగాయి. బద్వేలు, నందికొట్కూరు, మడకశిర, సత్తుపల్లి వంటి జనరల్ స్థానాలు ఎస్సీలకు రిజర్వు కాగా, నెల్లూరు లోక్‌సభ స్థానం రిజర్వు జాబితా నుంచి బయటికి వచ్చింది. సత్తుపల్లి నుంచి మూడుసార్లు గెలిచిన తుమ్మల నాగేశ్వరరావు 2009లో ఖమ్మం వెళ్లి పోటీ చేసినట్టే, పలుకుబడి ఉన్న నాయకులు పక్క స్థానాలు వెతుక్కున్నారు. ఇలాంటి చోట్ల వినిపించే ‘రిజర్వు అయితే అభివృద్ధి ఆగిపోతుంది’ అన్న మాటలో పాలక కులాల నిష్ఠూరం ఎంత, నిజమెంత అన్నది విడదీసి చూడాలి. ఫ్రాన్సెస్కా యెన్సేనియస్ 2017లో ప్రచురించిన గ్రంథంలో రిజర్వుడు స్థానాలను వాటితో పోలిక ఉన్న జనరల్ స్థానాలతో దశాబ్దాల కాలానికి పోల్చి చూసి, అభివృద్ధిలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఆ ఫలితం భయపడిన వారికి జవాబైతే, రిజర్వేషన్ వల్లనే ఊరి దళితవాడ రూపురేఖలు మారతాయని ఆశించిన వారికి నిరాశ.

ఇదే సందర్భంలో లక్ష్మి అయ్యర్, మాయా రెడ్డి 2013లో చేసిన అధ్యయనం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పట్టించుకోదగ్గది, ఎందుకంటే దాని సమాచారం ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్‌లదే. అధికారంలో ఉన్నవారు గీతలను తమకు అనుకూలంగా వంచుకున్నారన్న సాధారణ అనుమానానికి అందులో పెద్దగా ఆధారం దొరకలేదు. అయితే సహ సభ్యులుగా ఉన్న నాయకులు తమ సొంత స్థానం రిజర్వు కాకుండా చూసుకోవడం వంటి మేళ్లు పొందగలిగారని తేలింది. గదిలో కూర్చున్నవాడికి ఓటు హక్కు లేకపోయినా మాట చెల్లుతుందని దీని భావం. బయట ఉన్నవాడికి దక్కింది విచారణ రోజున మైకు ముందు కొన్ని నిమిషాలు.

రిజర్వేషన్‌పై స్పందనకు తెలుగు నేలలో పాత చరిత్ర కూడా ఉంది. తొలి రెండు సార్వత్రిక ఎన్నికల్లో ఒకే స్థానం నుంచి ఒక జనరల్ సభ్యుణ్ణి, ఒక రిజర్వుడు సభ్యుణ్ణి ఎన్నుకునే ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో వి.వి.గిరి ఓడిపోయి, జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు దక్కింది. సుప్రీంకోర్టు 1959లో ఆ గెలుపు సరైనదేనని తీర్పు చెప్పింది. 1961లో ద్విసభ్య పద్ధతే రద్దయింది. ఓటర్లు చట్టాన్ని ఉన్నది ఉన్నట్టు వాడుకుంటే చట్టమే మారిపోయిందని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

మన్యం ప్రాంతంలో 2008 ఆదేశం చేసిన పని అన్నింటికన్నా లోతైనది. ఖమ్మం, తూర్పు గోదావరి, విశాఖ జిల్లాల గిరిజన ప్రాంతాలు కలిసిన భద్రాచలం లోక్‌సభ స్థానం పోయి, పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం శాసనసభ స్థానాలతో అరకు లోక్‌సభ స్థానం ఏర్పడింది. అప్పటి లెక్కలో నాలుగు జిల్లాలకు చెందిన ఊళ్లు, ఒడిశా సరిహద్దు వెంట పొడవునా పరుచుకున్న కొండలు, ఒక చివరి నుంచి మరో చివరికి నేరుగా పోయే దారి లేని భూభాగం ఒకే ఎంపీ కిందికి వచ్చాయి. గిరిజన జనాభాను ఒకచోట చేర్చాలన్న నియమమూ, రాకపోకల సౌకర్యం చూడాలన్న నియమమూ ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు మొదటిదే గెలిచింది. ఎంపీ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే మనిషి కాబట్టి ఆ దూరం అప్పట్లో ఎవరినీ రోడ్డెక్కించలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లోక్‌సభ స్థానమే ప్రాతిపదికగా జిల్లాలను 13 నుంచి 26కి పెంచినప్పుడు, విస్తీర్ణం కారణంగా అరకును రెండు జిల్లాలు చేసినా, రంపచోడవరం వైపు ఊళ్లు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. కలెక్టరేట్‌కు ఒక్కరోజులో వెళ్లి పని చూసుకుని తిరిగి రావడం కష్టమయ్యాకనే ఆ పాత గీత బరువు అక్కడి వారికి తెలిసింది.

2022 నాటి ఆందోళనలను ఈ కోణం నుంచి మళ్లీ చదవాలి. ఆ ఏడాది జనవరి చివరి వారంలో ముసాయిదా వెలువడి, ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చేలోగా ఎక్కువగా వేడెక్కిన పట్టణాల్లో హిందూపురం, రాజంపేట, నరసాపురం ముందున్నాయి. ఈ మూడూ లోక్‌సభ స్థానాలకు పేరిచ్చిన పట్టణాలు. ఈ మూడింటినీ కాదని జిల్లా కేంద్రాలు పుట్టపర్తికి, రాయచోటికి, భీమవరానికి వెళ్లాయి. నియోజకవర్గం పేరు తమదైనప్పుడు జిల్లా కేంద్రం కూడా తమదే కావాలన్న వాదన ఆ మూడుచోట్లా బలంగా వినిపించింది. చట్టం దృష్టిలో లోక్‌సభ స్థానం పేరు ఒక గుర్తు మాత్రమే, ఆ ఊరికి దానివల్ల ఏ హక్కూ రాదు. కానీ దశాబ్దాలుగా బ్యాలెట్ మీదా పత్రికల్లోనూ కనపడిన పేరు పట్టణం ప్రతిష్ఠలో భాగమైపోయిందని ఆ ఉద్యమాలు చూపాయి. కందుకూరు వాసులు ప్రకాశం జిల్లాలోనే ఉంచమని కోరింది, నూజివీడు వాసులు ఏలూరు జిల్లా వద్దన్నది కూడా 2008 గీతల మీదే, అప్పటికి పద్నాలుగేళ్లు ఆలస్యంగా.

విజయవాడ రూరల్ మండలం పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంది. 2008 ఆదేశం ఆ మండలాన్ని చీల్చి గొల్లపూడి వైపు ఊళ్లను మైలవరం స్థానంలో, రామవరప్పాడు, నిడమానూరు వైపు ఊళ్లను గన్నవరం స్థానంలో ఉంచింది. మైలవరం విజయవాడ లోక్‌సభ స్థానంలోకి, గన్నవరం మచిలీపట్నం లోక్‌సభ స్థానంలోకి వస్తాయి. 2022లో మండలం మొత్తం విజయవాడ కేంద్రంగా ఉన్న ఎన్టీఆర్ జిల్లాకు, గన్నవరం మాత్రం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాకు వెళ్లాయి. నగరాన్ని ఆనుకుని ఉన్న రామవరప్పాడులో ఇల్లున్న వ్యక్తి తహసీల్దారు కోసం సొంత మండలంలో తిరిగి, ఎమ్మెల్యే కోసం పక్క జిల్లాలోని గన్నవరం వెళ్లి, ఎంపీ విషయానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని మచిలీపట్నం వైపు చూడాలి. విజయవాడ శివారుగా ఎదిగిన పెనమలూరు, విమానాశ్రయం ఉన్న గన్నవరం ఎన్టీఆర్ జిల్లాలో ఉండాలన్న కోరిక పుట్టింది ఈ అతుకుల బొంతలోంచే.

రాష్ట్ర విభజన వేళ గోదావరి తీరంలో జరిగింది మరీ విడ్డూరం. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాల ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ 2014 మే నెలలో ఆర్డినెన్సు, జులైలో చట్టం వచ్చాయి. అక్కడి ఓటర్లు అంతకు ముందే, ఏప్రిల్ 30న, భద్రాచలం తదితర స్థానాల్లో ఓటేసి ఉన్నారు. వారు ఎన్నుకున్న భద్రాచలం ఎమ్మెల్యే సున్నం రాజయ్య తెలంగాణ శాసనసభలో కూర్చోగా, వారి రేషన్ కార్డూ పట్టాదారు పాసుపుస్తకమూ ఆంధ్రప్రదేశ్ పాలనలోకి వెళ్లాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, ఎటపాక మండలాలు రంపచోడవరం స్థానంలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరం స్థానంలోకి చేరి, 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటేశాయి. రాజయ్య ఆ ఎన్నికల్లో రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. భద్రాచలం పట్టణాన్ని చుట్టుకుని ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీల్లో తమను తిరిగి తెలంగాణలో కలపాలన్న డిమాండ్ ఆనాటి నుంచీ ఉంది, 2022 జులై గోదావరి వరదల తర్వాత మరింత గట్టిపడింది. బడి, ఆసుపత్రి, సంత, గుడి అన్నీ గీతకు అవతల కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లకు నియోజకవర్గమూ రాష్ట్రమూ ఒక్కసారే మారితే, ఆ నిరసనను ప్రాంతీయ రాజకీయంగా కొట్టిపారేయలేం.

ముసాయిదా దశలోనే జనం కదిలిన సందర్భాలు లేకపోలేదు. 2008లో వాయిదా పడిన అస్సాం పునర్విభజనను ఎన్నికల సంఘం 2023లో చేపట్టి, జూన్ 20న ముసాయిదా విడుదల చేసినప్పుడు, బరాక్ లోయలో శాసనసభ స్థానాలు 15 నుంచి 13కి తగ్గడంపై వారంలోనే బంద్ జరిగింది; జులైలో గువాహటిలో మూడు రోజుల విచారణ తర్వాత ఆగస్టు 11న తుది ఆదేశం వచ్చినా ఆ తగ్గుదల అలాగే ఉండిపోయింది. జార్ఖండ్‌లో గిరిజన స్థానాలు తగ్గిపోతాయన్న నిరసన మాత్రం 2008లో ఆ రాష్ట్రం వరకు ఆదేశాన్నే పక్కన పెట్టించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, ఊరు గీత మీద చేసే వాదన కన్నా ఒక సమూహం సంఖ్య మీద చేసే వాదనే ఢిల్లీకి త్వరగా చేరుతుందని ఒప్పుకోవాలి. 2025లో దక్షిణాది రాష్ట్రాలు లేవనెత్తిన వివాదం కూడా సంఖ్య గురించే: ఆ ఏడాది మార్చి 22న చెన్నైలో జరిగిన సంయుక్త కార్యాచరణ కమిటీ సమావేశం, మార్చి 27న తెలంగాణ శాసనసభ చేసిన తీర్మానం ప్రధానంగా లోక్‌సభలో వాటా తగ్గకూడదన్నాయి. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 225, తెలంగాణలో 153 శాసనసభ స్థానాలు వెంటనే కావాలన్న పిటిషన్‌ను అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ స్థానాల కోసం ఎదురుచూస్తున్నది కూడా ప్రధానంగా టికెట్లు ఆశించేవారే.

నగరాల్లో స్పందన మరీ పలుచన. 30 లక్షలకు పైగా ఓటర్లున్న మల్కాజిగిరి దేశంలోనే అతిపెద్ద లోక్‌సభ స్థానమైనా, ఒక్క ఎంపీ ఇందరికి ఎలా సరిపోతాడన్న ప్రశ్న మీద అక్కడ ఉద్యమమేదీ రాలేదు. అదే నగరంలో 2025 డిసెంబరులో మున్సిపల్ కార్పొరేషన్ వార్డులను 150 నుంచి 300కు పెంచే ముసాయిదా వచ్చినప్పుడు మాత్రం ఒకే కాలనీ రెండు వార్డుల్లో పడిందని, వార్డుకు తమ బస్తీ పేరు రాలేదని అభ్యంతరాలు వెల్లువెత్తి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. చెత్త బండి, మురుగు కాలువ, వీధి దీపం కోసం నిలదీయగలిగిన కార్పొరేటర్ ఎవరన్నది గీతను బట్టే తేలుతుంది కాబట్టి ఆ గీత కనపడుతుంది.

జనగణన 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరగనున్నందున ఆ లెక్కలు పోలవరం నిర్వాసితుల విషయంలో ఒక కొత్త చిక్కును ముందుకు తేవచ్చు. గిరిజనులకు రిజర్వు అయిన పోలవరం నియోజకవర్గంలోని ముంపు ఊళ్ల వారిలో కొందరికి జంగారెడ్డిగూడెం మండలం తాడువాయి వంటి చోట్ల పునరావాస కాలనీలు కట్టారు. అది ఎస్సీలకు రిజర్వు అయిన చింతలపూడి స్థానంలో ఉంది. ఎస్టీ స్థానాలను నిర్ణయించేది ఎక్కడ లెక్కకు దొరికితే అక్కడి నిష్పత్తి కాబట్టి, కొండ దిగివచ్చిన కోయ, కొండరెడ్డి కుటుంబాలు జనగణనలో కొత్త కాలనీలో నమోదైన కొద్దీ వదిలి వచ్చిన స్థానంలో వారి వాటా తగ్గుతుంది, చేరిన స్థానంలో వారికి రిజర్వేషన్ వచ్చేంత సంఖ్య ఉండదు. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పడానికి వారికి పాత ఊరి పేరు రెవెన్యూ గ్రామాల జాబితాలో ఇంకా దొరుకుతుంది గానీ, ఆ ఊరి తరఫున మాట్లాడే పంచాయతీ ఏదన్నది అప్పటికి తేలి ఉండాలి.